మందు తూకంలో మొగ్గు

మేము అవుసుల వాళ్ళం. కొండాపూర్‌లో మా ఇంటి అరుగు మీద నా పెనిమిటి ముక్కుపుడకలు, పుస్తెలు చేసేవాడు. తూకం మాత్రం నాది. అక్షరాలు అరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను గాని, గురిగింజలు వేసి బంగారం తూచడం మా నాయన దగ్గర ఏడేళ్ళకే వచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఊరి దొర ఆ త్రాసును చూసే మాకు ఇంకో పని అప్పజెప్పాడు. ఆయన వేట రైఫిలుకు కొత్త తూటాలు దొరకడం కష్టమైంది. కాల్చిన ఇత్తడి గొట్టాలనే మళ్ళీ నింపాలి. గొట్టాలను చింతపండుతో తోమి, ఆరబెట్టి, తుపాకిమందు తూచి పోసేదాన్ని నేను. అడుగున నిప్పు పుట్టించే టోపీ, పైన గుండు బిగించేవాడు నా పెనిమిటి. ప్రతి విడతలో మొదటి ఐదూ ఆయనే కాల్చి చూపించాలని దొర ఆజ్ఞ.

మొదట్లో తూకం కుదిరింది. గుట్టల దగ్గర కట్టిన తెల్లబట్ట మీద ఐదు రంధ్రాలూ నా అరచేతి కింద దాగేవి. దొరకు అది చాలలేదు. తెల్లాపూర్ వైపు బీళ్ళలో జింకలు మనిషిని దగ్గరికి రానివ్వవు. అంత దూరం పోయేసరికి గుండు కిందికి వాలుతోంది. ఒకరోజు అరుగు ముందు నిలబడి, పదిమంది వింటుండగా అన్నాడు:

"ఏందిరా, నీ గుండు నడుసుకుంట పోతున్నది? అవుసులోడు తల్లి బంగారంలనే కొంత తీస్తడంట. నా మందు ఇడిసిపెడ్తవా?"

అందరూ నవ్వారు. నా పెనిమిటీ నవ్వాడు, దొర నవ్వితే నవ్వాలి గనుక. లోపలికి వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"ఇగ ప్రతిదానికి మొగ్గు ఇయ్యి."

త్రాసు సరిగ్గా నిలిచాక, కొన్నవాడి తట్ట వాలేట్టు పైన వేసే చిటికెడును మొగ్గు అంటాం. నమ్మకం పోతుందనుకున్న చోట ఇచ్చేది అది.

"చిటికెడు ఒక్కోసారి ఒక్కోతీరు పడ్తది. అన్ని సమానంగ ఉండయి," అన్నాను.

"ఉండకపోతే మాయె. తక్కువైందన్న మాట రావద్దు."

గుండు వేగం పెరిగింది. దొర మెచ్చుకున్నాడు. బట్ట మీద రంధ్రాలు మాత్రం చాటంత వెడల్పున చెదిరాయి. అంతకంటే, తోమేటప్పుడు చేతికి తగిలింది నన్ను భయపెట్టింది. టోపీలు చదునుగా అణిగిపోయాయి. గొట్టాల అడుగు దగ్గర గోరుకు అందేట్టు ఒక మెరిసే గీత. సాగిన ఇత్తడి ఎప్పటికైనా పగులుతుందని అవుసుల ఇంట్లో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆయనకు చూపించాను. గీత మీద గోరు పెట్టి చూశాడు.

"తగ్గిద్దామయ్యా. ముఖానికి ఆనిచ్చి కాల్చేది నువ్వే గద!"

"తగ్గిస్తే గుండు మళ్ళ వాల్తది. గప్పుడు దొంగతనం ఒప్పుకున్నట్టే గాదే? మన అరుగు మీదికి ఇంకెవరన్న బంగారం తెస్తరా?"

గీత పడ్డ గొట్టాలను పారేద్దామంటే దొర లెక్కపెట్టి ఇచ్చినవి; ఒక్కటి తగ్గినా అదే మాట వస్తుంది. తూస్తూ ఒకసారి కొంచెం మందు వెనక్కి తీయబోయాను. ఆయన చూస్తున్నాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొగ్గు వేశాను. కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువే పడింది.

ఆ విడతలో మొదటి తూటా సరిగ్గానే పేలింది. రెండోదాని చప్పుడు వేరుగా వచ్చింది. ఇంట్లో ఉన్న నాకే తెలిసిపోయింది. గొట్టం పగిలి, వేడి పొగ వెనక్కి తిరిగి ఆయన ముఖాన కొట్టింది. పట్నం దవాఖానలో కళ్ళు నిలిపారు గాని సన్నని చూపు పోయింది. దొర పరామర్శకు వచ్చి, "ఇత్తడి పాతది. నీ తప్పేం లేదురా" అన్నాడు. ఆయన చేతులు జోడించాడు. నేను పక్కనే ఉండి కూడా మొగ్గు మాట ఎత్తలేదు.

అరుగు మీదికి బంగారం రావడం ఆగలేదు. పని నేను నేర్చుకున్నాను. ఆయన పక్కన కూర్చుని ఊదుగొట్టం ఊదేవాడు. ఏ రంగుకు వస్తే టంకం కరుగుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"రంగు ఎట్లున్నదే?" అని అడిగేవాడు.

"ఇప్పుడిప్పుడే ఎర్రగైతున్నది."

"జర ఆగు," అనేవాడు, నిప్పు వైపు ముఖం పెట్టి.