ప్రాంప్టింగు పెదబాబు వేషం

పెదబాబు మాట వినాలంటే మనమే అతని నోటి దగ్గరికి చెవి తీసుకెళ్లాలి. నాతో పదో తరగతి చదివినవాళ్లలో అంత ఎత్తు, అంత ఛాతీ ఉన్న మనిషి ఇంకొకడు లేడు. గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేవుడు పిసినారితనం చేశాడని మేమంతా అనుకునేవాళ్లం. రిటైరయ్యాక చోడవరం బజారులో ఎదురుపడి "ఏటే ఝాన్సీ, బాగున్నావా?" అని అడిగితే, పెదాలు చూసి జవాబు చెప్పేదాన్ని.

నిజానికి తప్పు దేవుడిది కాదు, మా తెలుగు మాస్టారిది. ఆయన సొంతంగా ఒక నాటకం రాసి స్కూలు వార్షికోత్సవంలో ఆడించారు. మునసబు వేషం శ్యామ్ సుందర్‌ది. రైతు భార్య వేషం హరిబాబుది. ఆడపిల్లలు స్టేజీ ఎక్కకూడదట. నన్ను కింద కూర్చోబెట్టి, మా అమ్మ పట్టుచీర మాత్రం పట్టుకెళ్లి హరిబాబుకి చుట్టారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. పెదబాబుని తెర తాడు దగ్గర నిలబెట్టి, మాట మరిచిపోయినవాళ్లకి మెల్లగా అందించమన్నారు. "వేషగాడికి వినపడాలి, ముందు వరసకి వినపడకూడదు" అన్నది మాస్టారి ఆజ్ఞ. మేమంతా ఆయన చెప్పినవన్నీ బడి గేటు దాటగానే మరిచిపోయాం. పెదబాబు ఒక్కడే ఆ ఒక్క మాటని జీవితమంతా పట్టుకుని కూర్చున్నాడు.

తండ్రి పోవడంతో పై చదువు లేదు. పంచదార ఫ్యాక్టరీలో చేరాడు. చెరకు ఆడే కాలమంతా ఫ్యాక్టరీ, మిగతా కాలమంతా నాటకాలు. మాడుగులలో ఆడినా, వడ్డాదిలో ఆడినా, రోలుగుంటలో ఆడినా పెదబాబుకి కబురొచ్చేది. పక్క తెర వెనక గొంతుక్కూర్చుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మాటని సరిగ్గా వేషగాడి చెవిలో వేసేవాడు. చప్పట్లు, దండలు వేషగాళ్లవి. పెదబాబుకి ఒక టీ.

భార్య అచ్చియ్యమ్మ ప్రతి నాటకానికీ వెంట వెళ్లేది. "మీ ఆయన ఏ యేసం కట్టేడమ్మా అని పక్కనోల్లు అడిగితే ఏటి సెప్తాను? తెర సూపించీదాన్ని" అని మా దగ్గర నవ్వేది. నవ్వేదే కానీ, ఆ మాట చెప్పకుండా ఒక్కసారీ ఊరుకునేది కాదు. ఆయన ఒక్కసారి వెలుగులో నిలబడితే చూడాలని ఆమెకి ఎంత ఉందో నాకు తెలుసు. ఆయనకీ ఉందన్న సంగతి మాత్రం మొన్నటిదాకా తెలియదు.

ఇంతలో స్కూల్లో పాత విద్యార్థుల కలయిక అన్నారు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన హరిబాబు మమ్మల్నందరినీ ఇంటికి పిలిచి, మాస్టారి నాటకమే మళ్లీ ఆడదామన్నాడు. అరుగు మీద మాడుగుల హల్వా పొట్లం విప్పాడు. అందరికీ షుగరే, ఎవరూ వద్దనలేదు. ఇన్నాళ్లకి రైతు భార్య వేషం నాకు దక్కింది. హరిబాబు బట్టతల తడుముకుంటూ "పోన్లే, తీసుకో" అన్నాడు, తన ఆస్తేదో రాసిచ్చినట్టు. శ్యామ్ సుందర్ లెక్కల మాస్టారుగా ఎందరినో గడగడలాడించి రిటైరయ్యాడు. చర్చిలో ప్రార్థన అందుకుంటే ఆపలేం. అయినా నాటకంలో మాత్రం మాటలు మరిచిపోవడం అప్పుడూ ఇప్పుడూ అతని హక్కే. మళ్లీ మునసబు అతనే.

"పెదబాబూ, నువ్వు ఎప్పట్లాగే తెర దగ్గర" అని హరిబాబు చేతులు దులుపుకున్నాడు. అందరం తలలూపాం. మాకు అందులో వింతేమీ తోచలేదు.

పెదబాబు ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు వినపడింది.

"ఈపాలి నాకో యేసం ఇవ్వండిరా."

"ఒరే, రైతు వేషం పెదబాబుది. ఇంకెవరైనా అడిగితే ఊరుకోను" అని గట్టిగా అరిచేశాను. నేనరిస్తే ఆ బ్యాచిలో ఎదురు చెప్పినవాడు ఇంతవరకూ లేడు.

రిహార్సళ్లు మొదలయ్యాక తెలిసింది మేం ఏం నెత్తికెత్తుకున్నామో. రైతు వేషానికి నాటకమంతా పెద్ద గొంతే కావాలి. పెదబాబు తన మాట వచ్చినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మెడ పక్కకి వంచి, గుసగుసగా చెప్పేవాడు. చెయ్యి తీసెయ్యరా అంటే తీసేవాడు, మాట రాగానే చెయ్యి దానంతటదే పైకి లేచేది. పైగా మా అందరి మాటలూ మాకన్నా ముందు అందించేవాడు. నేను ఏడవాల్సిన చోట "ఇప్పుడేడు" అని కూడా అందించాడు. నవ్వలేక చచ్చాను. చొక్కాకి మైకు పెట్టి చూశారు. అది అతని మాటలతోపాటు అందరికీ అందించే మాటల్ని కూడా ఊరంతా వినిపించింది. మైకు తీసేశారు.

నాటకం ముందు రోజు హరిబాబు నన్ను పక్కకి పిలిచాడు.

"ఝాన్సీ, ఇది అవ్వదే. రైతు మాట వినపడకపోతే నాటకమేటుంటాది? ఆ యేసం నేనేసేస్తాను."

పెదబాబు వెనకే నిలబడి ఉన్నాడు. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "నిజమేరా. నేను తెర కాడికెల్లిపోతాను లే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అచ్చియ్యమ్మ వీదందరికీ సెప్పేసింది. అదొక్కటే..." అని ఆగిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వినపడకపోతే పోనీ. జనం లేచి పోతే పోనీ. వాడు వెయ్యకపోతే నేనూ వెయ్యను. మళ్లీ చీర కట్టుకో, హరీ!" అన్నాను.

మర్నాడు సాయంత్రం స్కూలు గ్రౌండు నిండిపోయింది. అచ్చియ్యమ్మ తన వీధి ఆడవాళ్లతో ముందు వరసంతా ఆక్రమించింది. తెర లేచింది. పెదబాబు భుజం మీద తుండుగుడ్డతో వెలుగులోకి వచ్చాడు. ఏం నిండుగా ఉన్నాడో మనిషి! జనం ఈలలు వేశారు. అతను నోరు విప్పాడు. ఈలలు ఆగిపోయాయి.

"వినపడ్లేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "సౌండు పెట్టండి బాబూ!" అన్నారు ఇంకెవరో. పెదబాబు నుదుటి మీద చెమట పోసింది. ముందు వరసలో అచ్చియ్యమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అక్కడే, స్టేజీ మీదే నాకు నిజంగా ఏడుపొచ్చింది. పట్టుబట్టి అతన్ని నవ్వులపాలు చేశానేమో అనిపించింది.

పంచాయితీ ఘట్టం వచ్చింది. కాలవ నీళ్లు రైతు చేనికి పోకుండా అడ్డం కట్టెయ్యమని మునసబు తీర్పు చెప్పాలి. శ్యామ్ సుందర్ కుర్చీలో ఠీవిగా కూర్చుని, మీసం దువ్వి, చెయ్యెత్తి, ఆగిపోయాడు. మరిచిపోయాడు! అలవాటుగా పక్క తెర వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. అందించేవాడిని స్టేజీ మీదికి తెచ్చుకున్నాం కానీ, అతని చోట ఇంకొకణ్ణి పెట్టాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

చేతులు కట్టుకుని ముద్దాయిలా నిలబడ్డ పెదబాబు, అరచెయ్యి అడ్డం పెట్టి, తన మీద తీర్పు తానే అందించాడు.

శ్యామ్ సుందర్‌కి ఈ మధ్య చెవి మందగించింది. "ఆఁ?" అన్నాడు.

పెదబాబు మళ్లీ అందించాడు.

"ఏటీ?" అన్నాడు మునసబు, కుర్చీలోంచి ముందుకి వంగి, చెవికి చెయ్యి చేర్చి.

పెదబాబు మొహం ఎర్రబడింది. అతనికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. అరచెయ్యి కిందికి దిగిపోయింది. ఛాతీ పొంగింది.

"నీళ్లు కట్టెయ్యండి, ఇదే నా తీర్పు అని సెప్పరా, సెవిటోడా!"

గ్రౌండు చివర గోడ దాకా వెళ్లిందా గొంతు. ఒక్క క్షణం అందరూ బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వారు. శ్యామ్ సుందర్ బెదిరిపోయి "నీళ్లు కట్టెయ్యండి, ఇదే నా తీర్పు" అని అప్పజెప్పేశాడు. ఆ నవ్వులు ఆగకముందే పెదబాబు ఒక అడుగు ముందుకేసి తన మాట అందుకున్నాడు.

"తప్పు చేశానన్నారు, నన్ను కట్టెయ్యండి బాబూ! నా చేను మీకేం తప్పు చేసింది? దాని గొంతు ఎండగట్టే అధికారం మీకెవరిచ్చారు?"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఊరూరా ఎందరి చెవుల్లోనో వేసిన బరువూ, విరుపూ అంతా ఆ గొంతులోనే దాగి ఉంది. ఆ తర్వాత అతను ఆగలేదు. చప్పట్లు మోగుతుంటే నేను నా మాట మరిచిపోయాను. అతను అందించాడు, అదీ గట్టిగానే! నేను సిగ్గు లేకుండా నవ్వుతూ అందుకున్నాను.

నాటకం అయ్యాక అతని మెడలో దండలు పడ్డాయి. శ్యామ్ సుందర్ కావలించుకుని "సెవిటోడా అంటావేట్రా?" అని నవ్వాడు. ఆ గుంపులోంచి అచ్చియ్యమ్మ తోసుకుంటూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, నడుం మీద చేతులేసుకుని మొగుణ్ణి నిలదీసింది.

"ఇంత గొంతెట్టుకుని, ఇన్నేల్లూ నన్ను పక్కింటోల్లకి వినపడకుండా పిలిసేవేటి?"

పెదబాబు మా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తర్వాత తలెత్తి, గ్రౌండులో ఇళ్లకి వెళ్తున్న జనమంతా వెనక్కి తిరిగి చూసేలా పిలిచాడు.

"అచ్చియ్యమ్మా!"

ఆమె చెవులు మూసుకోలేదు. ఊరంతా చూస్తున్నా సిగ్గుపడలేదు. "మల్లీ ఓపాలి పిలు" అంది.