నా ముఖం తిన్న ఎలుకలు

భూమికి అంత లోతున, చుట్టూ బొగ్గు తప్ప మరేమీ దొరకని చోట, ముప్పై రెండు మందిని ఒకే పూట పస్తు పెట్టిన మొనగాడు మా గోదావరిఖనిలో ఒక్కడే ఉన్నాడు. ఆ మొనగాణ్ని నేనే. అయితే తొమ్మిదేళ్లుగా ఊళ్లో ఈ ఘనత వేరొకరి పేరు మీద చెలామణి అవుతోంది. అలా చెలామణి చేయించింది కూడా నేనే. ఆ మాట సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను. మీరు కడుపారా నవ్వుకోండి. నవ్వేది మాత్రం నన్ను చూసి, మా బావను చూసి కాదు.

నా పేరు సామేలు. బస్టాండు వెనక సందులో మెస్ నడుపుతాను. మా నాయిన బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. గనిని మా దగ్గర బాయి అంటారు. ఆయన ఉద్యోగం నాకు రాలేదు, వంట వచ్చింది. ఫస్టు షిఫ్టు వాళ్లు ముందు రోజే తమ స్టీలు డబ్బాలు మా దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. గట్టి క్లిప్పుల మూత, పైన పట్టుకోవడానికి పిడి. తెల్లారేసరికి నేనూ నా భార్య కరుణా వాటిలో అన్నం, పప్పు, కూర నింపేవాళ్లం. వాళ్లు డ్యూటీకి పోతూ పట్టుకుపోయేవాళ్లు. అందరూ నన్ను మెస్ సామేలు అనేవారు. ఆ పేరు వినిపిస్తే చాలు, కొత్త చొక్కా మీద పులుసు ఒలికినట్టు ముఖం పెట్టేవాణ్ని.

అలాంటి రోజుల్లో కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో 'వ్యాపారవేత్తల వ్యక్తిత్వ వికాస శిబిరం' జరుగుతోందని తెలిసింది. వెళ్లాను. చెవి దగ్గర మైకు, మెడకు టై, మండు వేసవిలో కోటు వేసుకున్న ట్రైనర్ ఒకాయన వేదిక మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ నన్నే వేలెత్తి లేపాడు.

"మీరేం చేస్తారు?"

"మెస్ నడుపుతాను సార్."

"కాదు! మీరు మెస్ నడపరు! మీరు ఆకలికి పరిష్కారం అందిస్తారు!"

హాలంతా చప్పట్లు. అప్పటిదాకా నేను పప్పు మాత్రమే అందిస్తున్నాననుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను కన్నవాళ్లు, కట్టుకున్నది, కూర తిన్నవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ గుర్తించని గొప్పతనాన్ని ఆ మహానుభావుడు అర నిమిషంలో గుర్తించాడు. తర్వాత హాల్లో ఉన్న మిగతా రెండు వందల మందిలోనూ అదే గొప్పతనాన్ని గుర్తించాడనుకోండి, అది వేరే విషయం.

"పాత మిమ్మల్ని ఇక్కడే వదిలేసి వెళ్లండి. 'వద్దు, కాదు, కుదరదు' అనేవాళ్లను దూరం పెట్టండి. వాళ్లు నెగెటివ్ మనుషులు!" అన్నాడాయన చివర్లో. పాత నన్ను ఆ ఫంక్షన్ హాల్లోనే, చెప్పులు విడిచిన చోట వదిలేసి బస్సెక్కాను.

మర్నాటి నుంచి పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను సింహాన్ని" అని మూడుసార్లు గట్టిగా అనాలి. అది ట్రైనర్ ఇచ్చిన హోంవర్కు. మొదటి రోజు రెండుసార్లు అనేసరికే మంచం మీది నుంచి మా నాయిన గొంతు వినిపించింది.

"ఓ సింహమా, పప్పు మాడుతంది."

నేను పట్టించుకోలేదు. మార్పు తేవాలనుకునే వాళ్లకు ఇంట్లోనే మొదటి అవమానం జరుగుతుందని కూడా శిబిరంలో చెప్పారు.

ఇక అసలు మార్పు. సొట్టలు పడ్డ స్టీలు డబ్బాలు నా కొత్త స్థాయికి తగవని తేల్చాను. తెల్లటి అట్ట డబ్బాలు చేయించాలి. మూత మీద నా ఫొటో ఉండాలి. కోటు అరువు తెచ్చుకుని, చేతులు కట్టుకుని, దూరంగా ఏదో గొప్ప భవిష్యత్తును చూస్తున్నట్టు ఫొటో దిగాను. నిజానికి ఎదురుగా ఉన్నది జెరాక్స్ షాపు. ప్రింటింగ్ ప్రెస్ అతను అడిగాడు.

"అన్నా, పట్టుకునేతందుకు పైన పిడి లెక్క పెట్టాల్నా?"

"పిడి ఏంది తమ్మీ, సద్దిగిన్నె లెక్క! ప్రీమియం లుక్ పోతది."

ఈ పిడిని కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోకపోవడం వల్లే ఇదంతా జరిగింది.

ప్రతి డబ్బాలో ఒక స్ఫూర్తి చీటీ కూడా పెట్టాలనుకున్నాను. బాయిలో పనిచేసి అలసిపోయిన మనిషి మూత తీయగానే అన్నం కన్నా ముందు నా సందేశం కనబడాలి కదా. మొదట గోదావరిఖని, తర్వాత జ్యోతినగర్ క్వార్టర్లు, ఆపైన జైపూర్ ప్లాంటు, అలా నా డబ్బా దేశం మీదికి పోతుందని మనసులో మ్యాపు గీసుకున్నాను.

ఈ కథలో ఒకే ఒక్క తెలివైనవాడు ఇక్కడ వస్తాడు. కరుణ అన్న దావీదు, అంటే మా బావ. ఆయన ఫస్టు షిఫ్టులోనే పనిచేసేవాడు. ఆ ముప్పై రెండు మందిదీ ఆయన జట్టే. మా మెస్‌కు వాళ్లందరినీ తెచ్చిపెట్టింది కూడా ఆయనే. ఆయన మాట మీదే వాళ్లు నా అన్నం తింటున్నారు. బావ కొత్త డబ్బాను చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"ఫొటో మంచిగుంది బావా. గానీ ఇది బాయిల ఆగదు."

"ఎందుకాగదు?"

"ఎలుకలు. లోపల ఒక్కొక్కటి పిల్లికూనంత ఉంటది. అందుకే గద మేం స్టీలు డబ్బాలు పైకప్పు దుంగలకు తీగ కట్టి ఏలాడగడ్తం. నీ అట్ట డబ్బాకు పిడి లేదు. ఏడ కట్టాలె?"

బొగ్గుగని కార్మికుడి కొడుకును. బాయి ఎలుకల కథలు వింటూనే అన్నం తిని పెరిగినవాణ్ని. అవన్నీ నాకు తెలుసు. కానీ అది పాత నాకు తెలుసు. పాత నన్ను కరీంనగర్‌లో వదిలేసి వచ్చానని మనవి చేశాను కదా.

"బావా, నువ్వు సమస్యనే చూస్తున్నవ్. నేను అవకాశం చూస్తున్న. నువ్వు నెగెటివ్ మనిషివి."

బావ ఒకసారి చెల్లెలి వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "సరే తియ్. ఒక్కరోజు చూద్దాం. మావోళ్లకు నేను చెప్త," అన్నాడు. జట్టు దగ్గరికి వెళ్లి తన మాట అడ్డం పెట్టి ఒప్పించాడు. "మా బావ ఏదో కొత్తగ చేస్తుండు, నా మీద భరోసతోని ఒక్కరోజు ఓర్సుకోండ్రి," అన్నాడట.

మర్నాడు పొద్దున్నే ముప్పై రెండు తెల్ల డబ్బాలు, వాటి మీద చేతులు కట్టుకున్న ముప్పై రెండు మంది నేనులు బాయిలోకి దిగాం. కరుణ మాత్రం నాకు తెలియకుండా వాళ్లన్నకు పాత స్టీలు డబ్బాలో అన్నం కట్టి సంచిలో పెట్టిందట. భార్య నెగెటివ్ మనిషి అయితే ఏం చేయాలో శిబిరంలో చెప్పలేదు.

మధ్యాహ్నం షిఫ్టు విడిచే వేళకు ఇస్త్రీ చొక్కా వేసుకుని మెస్ ముందు నిలబడ్డాను. చేతిలో ఫోను. కస్టమర్లు పొగుడుతుంటే వీడియో తీసి లోకం మీదికి వదలాలని. ఆటో దిగి వాళ్లు నడిచి వస్తున్నారు. ఒంటి నిండా బొగ్గు, కళ్లూ పళ్లూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ రోజు కళ్లు మామూలు కన్నా కాస్త పెద్దగా కనిపించాయి. నేను వీడియో బటన్ నొక్కాను.

"చెప్పండన్నా, మన కొత్త లంచ్ అనుభవం ఎట్లున్నది?"

బావ ముందుకొచ్చి నా చేతిలో ఒక అట్ట ముక్క పెట్టాడు. అందులో నేనున్నాను. అంటే నా కట్టుకున్న చేతులున్నాయి. మెడ నుంచి పైకి ఏమీ లేదు. ఎలుకలు అన్నంతో పాటు నా ముఖాన్ని, దూరంగా చూస్తున్న నా భవిష్యత్తును కూడా ఆరగించాయి.

జట్టులో అందరికన్నా పెద్దవాడు కొమురయ్య కాక నా అరచేతిలో ఒక చీటీ ఉంచాడు. ఎలుకలు దాన్ని ముట్టలేదు. వాటికి కూడా కొంత అభిరుచి ఉంటుంది కదా. ఆ రోజు స్ఫూర్తి చీటీ మీద నా సొంత దస్తూరీతో ఉన్న సందేశం ఇది: 'ఆకలి ఉన్నవాడే ఎదుగుతాడు.'

"సామేలూ, ఇయ్యాల మేం మస్తు ఎదిగినం," అన్నాడు కొమురయ్య కాక.

ఆయనకు షుగరు. తిండి లేక కళ్లు తిరిగి కూలబడితే, బావ తన స్టీలు డబ్బా విప్పి ముందు ఆయనకు తినిపించి, మిగిలినది అందరికీ తలా ఒక ముద్ద పంచాడట. ఈ ముక్క ఎవరో చెబుతుంటే వీడియో ఇంకా రికార్డవుతూనే ఉంది.

ఇంతవరకు నేను చేసింది తెలివితక్కువ పని. నవ్వదగినది. ఇక్కడి నుంచి చేసింది వేరు.

మర్నాడు టీ కొట్టు దగ్గర నలుగురూ అడిగారు, "ఏందన్నా, మొత్తం జట్టును పస్తు పెట్టినవట?" సింహం తోక ముడిచింది. నోటికొచ్చింది చెప్పేశాను.

"నేను ఏలాడగట్టుమని మరీ మరీ చెప్పిన. మా బావ తన స్టీలు డబ్బా ఒక్కటి కట్టుకొని మిగిలినయి కింద పెట్టిండు. నేనేం చేస్త?"

నమ్మదగ్గట్టే ఉంది. స్టీలు డబ్బా ఉన్నది బావ ఒక్కడి దగ్గరే కదా. సాక్ష్యాన్ని ఎలుకలు తినేశాయి. ఆదివారం చర్చి అయిపోయాక అదే కథ ఇంకొంచెం ఉప్పూ కారం వేసి చెప్పాను. నెల తిరగకముందే బావకు 'ఎలుకల దావీదు' అని పేరు పడింది. ఆ పేరు విన్నప్పుడల్లా నా అబద్ధం ఎంత బాగా పనిచేసిందా అని నాకే భయం వేసేది.

కరుణ వాళ్లన్న దగ్గర ఏడ్చింది. వంటింట్లో ఉన్న నాకు బావ మాట వినిపించింది. "పోనియ్ చెల్లె. జట్టోళ్లకు నేను జెప్పుకుంట. మెస్ నడవాలె." మూడో రోజుకల్లా స్టీలు డబ్బాలు మళ్లీ మా అరుగు మీదికి వచ్చాయి. మెస్ నడిచింది. నేను నోరు మూసుకున్నాను. తొమ్మిదేళ్లు మూసుకున్నాను.

పోయిన నెల బావ రిటైరయ్యాడు. బాయి దగ్గరి హాల్లో దండలు, శాలువాలు. వేదిక ఎక్కిన ప్రతివాడూ "మా ఎలుకల దావీదన్న" అనే మొదలుపెడుతున్నాడు. నాలుగో వాడు కూడా అలాగే అనేసరికి ఇక కూర్చోలేకపోయాను. మైకు లాక్కుని మొత్తం చెప్పేశాను. బావ హెచ్చరించాడని, పిడి వద్దన్నది నేనేనని, వేలాడగట్టమని నేను ఎవరికీ చెప్పలేదని, టీ కొట్టు దగ్గర చెప్పింది పచ్చి అబద్ధమని. నన్ను కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండనీ అనుకున్నాను.

ముందు వరసలోంచి కొమురయ్య కాక లేచాడు. ఎప్పుడో రిటైరయ్యాడు, చేతిలో కర్ర.

"సామేలూ, ఆ డబ్బాలను బాయిలకు ఎవలు మోసుకపోయిండ్రు?"

"మీరే కాకా."

"మరి పిడి లేదని మా చేతులకు తెల్వదా?"

హాలు గొల్లుమంది. తొమ్మిదేళ్లు నేను దాచిన రహస్యం మొదటి రోజు నుంచే ముప్పై రెండు మంది చేతుల్లో ఉంది! ఆ రోజు నా తెలివికి అంతకన్నా మంచి కొలత ఇంకోటి దొరకదు.

"మరి ఎలుకల దావీదు అని ఎందుకు పిలిచిండ్రు?"

"నిన్ను ఎవడన్న తిట్టుడు మొదలువెడితె చాలు, 'మా బావది తప్పు లేదు, తప్పంత ఎలుకలదే' అని అడ్డం వచ్చేటోడు. రిటైరయ్యే దాక గదే పాట. అందుకే ఎలుకల దావీదు. నీక్కూడ బాయిల ఒక పేరున్నది, ఎరికేనా?"

"లేదు కాకా."

"పిడి లేని సామేలు."

ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది కరుణ.

బావ వేదిక దిగి వచ్చాడు. మెళ్లో దండ, చేతిలో సొట్టలు పడిన ఆ స్టీలు డబ్బా. నా చేతిలో పెట్టాడు. "రేపటి సంది నాకు దీంతోని పని లేదు. నువ్వు పెట్టుకో బావా. దీనికి పిడి ఉన్నది."

కాబట్టి, వ్యాపారంలోకి దూకబోతున్న తమ్ముళ్లకు, వ్యక్తిత్వ వికాస శిబిరాలకు, బాయిలోని సమస్త ఎలుకలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: పిడి లేని సామేలు అనే నేను, ఇకమీదట తినే వస్తువు మీద నా ముఖం అచ్చు వేయించను. ఆకలిగా ఉన్నవాడికి ఆకలి గురించి చెప్పను. బాయి గురించి బాయిలో పనిచేసేవాడు చెబితే నెగెటివ్ అనను. నా తప్పును బావల మీదికి గానీ, ఎలుకల మీదికి గానీ నెట్టను. మెస్‌ను మెస్‌గానే నడుపుతానని, అద్దం ముందు కాక పొయ్యి ముందు నిలబడి, ఈ స్టీలు డబ్బా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను.

ఇంకా గంభీరంగా రాద్దామనుకున్నాను. కానీ మా నాయిన కేకేస్తున్నాడు.

"ఓ సింహమా, పప్పు!"