గోలు ముందటి గడ్డి

మైదానం గడ్డిని చూసుకునే గడ్డిబావ చేతులు పొద్దున్నే మట్టిలో ఉన్నాయి. సాధనలో గోల్‌కీపర్ అడుగులకు అరిగి బోడిగుండులా తేలిన చోటును గీకి, వెనక మడిలో పెంచిన గడ్డి పలకలు పరుస్తున్నాడు. రెండు వేళ్ల మందం, మోయలేనంత బరువు. అంచుకు అంచు ఆనించి, అరచేత్తో కొడుతున్నాడు.

పాత మైదానానికి ఆకాశమే కప్పు. ఈ కొత్త స్టేడియానికి నిజమైన కప్పు వేశారు. చూసేవాళ్లకు నీడ, గడ్డికి శాపం. ఎండ తగలనివైపు గడ్డి పెరగడానికి దీపాల బండ్లు తిప్పాలి. "ఇంట్లో ఒక్క కుండీకి నీళ్లు పోయవు, అక్కడ గడ్డికి దీపాలు పెడతావు" అంటుంది భార్య.

సాయంత్రం రిఫరీ నేల చూస్తాడు. కాదంటే రేపటి తొలి ఆట పొరుగూరికి పోతుంది. సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశం పక్కింట్లో చేసుకున్నట్టే.

పై వరుసల్లో కుర్చీలు తుడుస్తున్న వదిన కేకేసింది.

"మరిదిగారూ! ఆ అతుకేంటి, చొక్కాకి వేసినట్టు?"

పైకెక్కి చూశాడు. లేత చారలో ముదురు మచ్చ. కోత బండి నడిచిన దిక్కునుబట్టి పరకలు వాలతాయి, రంగు మారుతుంది. అందుకే పలక తలవైపు పుల్ల గుచ్చడం అతని అలవాటు. ఇవాళ తొందరలో గుచ్చలేదు. కొన్ని తిరగబడ్డాయి.

ఆటకు అడ్డం కాదు. కానీ మచ్చ కనిపిస్తే రిఫరీ అక్కడే మడమ గుచ్చుతాడు. అతకని అంచు లేస్తుంది.

"తప్పు చేస్తే గడ్డి తిన్నావా అంటారు. నువ్వు పరిచి మరీ చేశావు" అంటూ వదిన దిగి వచ్చింది.

"తిన్నాలే వదినా. ఆ చెక్క పట్టు, అరిగించుకోవాలి."

గడ్డి వేళ్లు తెగకుండా కింద చెక్క దూర్చి, ఒక్కో పలకా తిప్పారు. సందుల్లో ఇసుక నింపి, నీళ్లు చల్లి, పలక మీద నిలబడి చూశాడు. కదల్లేదు.

రిఫరీ వచ్చి గోలు ముందు మడమ తిప్పాడు. బంతి వదిలాడు, తిన్నగా లేచింది. "రేపు ఇక్కడే" అని వెళ్లిపోయాడు.

సాధనకు వచ్చిన గోల్‌కీపర్ గీత బయటే ఆగాడు. "బావా, అడుగు పెట్టొచ్చా?"

గడ్డిబావ చేతులు దులుపుకుని, చుట్టూ కట్టిన తాడు విప్పాడు.

"పెట్టు. ఇక నీదే."