ఆకులో ఎడమ సగం

పొగాకక్క చేతి దెబ్బ తినని మగాడు ఆ వీధిలో లేడంటే అతిశయోక్తి కాదు. పెరట్లో ఆరేసిన పొగాకు దొంగిలించబోయిన ఒకడికి దండెపు కర్రతో రెండు పళ్ళు రాలగొట్టింది. ఆ పళ్ళు ఏరి వాడి చేతిలోనే పెట్టి, "పో, మీ ఆవిడకి చూపించు" అంది. మాటకంటే ముందు చెయ్యి లేచే మనిషి. లేవకపోతే ఆ ఇంట్లో బతికి బట్టకట్టేదా మరి!

వాళ్ళ నాన్న అంతకంటే ఘనుడు. చుట్టలు చుట్టడంలో ఆయనకి సాటి లేరు, పిల్లల్ని బాదడంలోనూ లేరు. తల్లి పోయాక తమ్ముళ్ళిద్దరినీ అక్కే పెంచింది. పెద్దాడిది తండ్రిలాగే కుడిచేతి వాటం. చిన్నాడిది ఎడమ. వాడు ఎడమచేత్తో ఆకు పట్టుకున్నాడని ఒకరోజు తండ్రి వాడి మణికట్టు నొక్కిపట్టి, నోట్లో కాలుతున్న చుట్ట తీసి అరచేతిలో గుచ్చాడు. చర్మం కమిలిన కంపు కొట్టింది. రెండోసారి గుచ్చబోతుంటే అక్క ఎగిరి ఆయన చెయ్యి కరిచింది. ఆయన అక్క జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. నోటినిండా నెత్తురే, అది తనదో ఆయనదో తెలియదు, అయినా అక్క వదల్లేదు. చివరికి ఆయనే కేకపెట్టి చుట్ట కింద పడేశాడు. ఆ తర్వాత చిన్నాడి ఎడమచేతి జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆ చేతి విలువ ఆయన పోయాకగానీ తెలియలేదు. చుట్టకి పైన చుట్టే ఆకుని నడిమి ఈనె వెంబడి చీలిస్తే రెండు సగాలు వస్తాయి. కుడి సగాన్ని ఒకవైపు తిప్పి చుట్టాలి, ఎడమ సగాన్ని రెండోవైపు. తిరగేసి చుడితే సన్న ఈనెలు పైకి లేస్తాయి, చుట్ట నోట్లో పెట్టుకోగానే విచ్చుకుంటుంది. తండ్రికి కుడివైపే చెయ్యి తిరిగేది. అందుకని బంగారంలాంటి ఎడమ సగాలన్నీ తుంపి లోపలి ఆకులో కలిపేసేవాడు. అక్క అలా చెయ్యలేదు. చుట్టలు చుట్టే చెక్క ముందు మధ్యలో తను కూర్చుని, ఆకు చీల్చి, కుడి సగం పెద్దాడికి, ఎడమ సగం చిన్నాడికి ఇచ్చింది. ఒకే ఆకుకి రెండు చుట్టలు, కవల పిల్లల్లా వచ్చాయి.

"ఏ మిషను మీద చుట్టారమ్మా ఇవి?" అన్నాడు చుట్టలు కొనే కొట్టాయన, ఆశ్చర్యంగా.

"నా మిషన్లు రెండూ అన్నం దగ్గర కొట్టుకుంటాయి. వచ్చి చూస్తావా?" అంది అక్క.

నిజంగానే కొట్టుకునేవాళ్ళు. మీసాలొచ్చాక కూడా కంచాలు ఎగిరేవి, ముక్కులు పగిలేవి. అక్క చీపురు తిరగేసి ఇద్దరికీ చెరి నాలుగు వడ్డించేది. మర్నాడు మళ్ళీ ఒకే ఆకు దగ్గర కూర్చునేవాళ్ళు. ఆ చెక్క దగ్గర వాళ్ళిద్దరూ అలా కూర్చుంటే చాలు, ఆవిడకి లోకంలో ఇంకేం అక్కర్లేదు.

పాకలో వేలాడదీసిన ఆకు పైకి ఎండినట్టే కనిపిస్తుంది. మోసమంతా ఈనెలో ఉంటుంది. ఈనె విరిస్తే పుటుక్కుమనాలి, అప్పుడే దించి, మండె కట్టి, అంటే దొంతరగా పేర్చి బరువు పెట్టి, మగ్గబెట్టాలి. ఈనె వంగిందా, ముట్టుకోకూడదు. ఒక ఏడు అక్క జ్వరంతో పడుకుంది. చిన్నాడు ఆకు దించొద్దని చెప్పి, పనిమీద నాలుగు రోజులు ఊరికి వెళ్ళాడు. పెద్దాడికి తొందర ఎక్కువ. ఈనెలు ఇంకా వంగుతున్నా ఆకంతా దించి మండె కట్టేశాడు.

చిన్నాడు వచ్చి మండె విప్పేసరికి లోపలంతా తెల్లటి బూజు. నారు పోసిన దగ్గర్నుంచి పురుగు ఏరి, నీళ్ళు మోసి పెంచిన ఏడాది పంట చేతిలో పేడలా ముద్దైంది.

"ఆగమని చెప్పానా లేదా?" అని దండెపు కర్ర తీసుకుని అన్న వీపు మీద, మెడ మీద, దొరికిన చోటల్లా కొట్టాడు. కర్ర విరిగితే విరిగిన ముక్కతో కొట్టాడు. పెద్దాడి చేతిలో ఈనెలు తీసే కత్తి ఉంది. కళ్ళు మూసుకుని దాన్ని అడ్డంగా ఝళిపించాడు. చిన్నాడు ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

డాక్టరు కుట్లు వేశాడుగానీ నరాలు అతకలేదు. బొటనవేలి పక్క వేళ్ళు రెండూ ఇక ముడుచుకోలేదు.

"నేనేం కావాలని చేశానా? ముందు కొట్టింది వాడు" అన్నాడు పెద్దాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం రా! పోయి వాడి కాళ్ళు పట్టుకో" అంది అక్క. వాడు వెళ్ళలేదు. పౌరుషం ఒకటి ఏడిసింది కదా, తండ్రి ఇచ్చిన ఆస్తి!

చిన్నాడు అరవలేదు, ఏడవలేదు. "వాడి కుడిచెయ్యి నరుకుతా అక్కా" అన్నాడంతే. వాడు ఊరికే అనే రకం కాదు. చిన్నప్పుడు కరిచిన కుక్కని చంపుతానన్నాడు, చంపాడు. అక్క ఇంట్లో కత్తులన్నీ దాచేసింది. వాడు కొడవలి తెచ్చుకుని రోజూ గడప రాయి మీద నూరేవాడు. ఆ చప్పుడుకి ఆవిడకి అన్నం దిగేది కాదు. చిన్నాడి చేతిని కాపాడటానికి తల పగలగొట్టించుకున్నాను, ఇప్పుడు పెద్దాడి చేతిని ఎలా కాపాడుకోవాలి దేవుడా అని కుమిలిపోయేది.

ఒక మధ్యాహ్నం పెద్దాడు కొట్టు నుంచి వస్తుంటే చిన్నాడు తలుపు వెనకాల నుంచి దూకాడు. జుట్టు పట్టి ఈడ్చి, ముఖం నేలకేసి కొట్టాడు. వీపు మీద మోకాలు పెట్టి, పెద్దాడి కుడిచెయ్యి లాగి చెక్క మీద పరిచి, మోచేత్తో అదిమిపట్టాడు. కొడవలి కుడిచేతిలో ఉంది. ఆ చేత్తో వాడికి గురి ఎక్కడిది? దెబ్బ ఎక్కడ దిగుతుందో వాడికే తెలియదు. మణికట్టు తెగితే మనిషే పోతాడు.

"ఒరేయ్, వదలరా! నీ కాళ్ళు పట్టుకుంటానురా!" అక్క మీదపడి లాగింది. ఒక్క తోపుకి వెళ్ళి గోడకి తగిలింది. కొడవలి లేచింది.

అక్క చేతికి ఈనెలు చితక్కొట్టే చెక్క సుత్తి దొరికింది. లేచి, రెండు చేతులతో ఎత్తి, పెద్దాడి బొటనవేలి మొదట్లో బలమంతా పెట్టి కొట్టింది. ఎముక పుటుక్కుమంది. మళ్ళీ కొట్టింది.

పెద్దాడి అరుపుకి వీధి ఉలిక్కిపడింది. చిన్నాడు కొడవలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"అయిపోయింది!" అని రొప్పుతూ అరిచింది అక్క. "ఆ చెయ్యి ఇక పనికిరాదు. మీ లెక్క సరిపోయింది. ఇంకా నరకాలని ఉంటే నా మెడ నరుకు!"

చిన్నాడు కొడవలి వదిలేశాడు.

"నువ్వా అక్కా?" అన్నాడు పెద్దాడు, నోట్లో మట్టీ నెత్తురూ కలిసి. "నువ్వు కొట్టావా?"

"ఎముక అతుకుతుందిరా. తెగిన చెయ్యి అతకదు" అంటూ దండెపు పుల్లలు విరిచి వాడి చేతికి కట్టుకట్టింది. కడుతూ వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాడు ముఖం తిప్పుకున్నాడు. ఎముక అతికిందిగానీ వంకరగా అతికింది, బొటనవేలికి పట్టు రాలేదు. అక్క పెట్టిన అన్నం తినేవాడు, అక్కా అని మాత్రం పిలిచేవాడు కాదు. ఏ తల్లీ భరించలేని శిక్ష అది.

మళ్ళీ కొత్త ఆకు వచ్చింది. అక్క ప్రతి ఈనె విరిచి చూసి దించింది. మగ్గాక చెక్క ముందు కూర్చుని, ఆకు చీల్చి, అలవాటు కొద్దీ కుడి సగం కుడివైపు కూర్చున్న పెద్దాడి ముందు పెట్టింది. వాడు దాన్ని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, తల దించుకున్నాడు.

చిన్నాడు లేచి వచ్చి అన్నని మోకాలితో ఒక్క తోపు తోశాడు.

"జరుగు. నాకు మిగిలింది కుడిచెయ్యి, ఇది ఇక నా చోటు. నువ్వు పోయి ఎడంపక్క కూర్చో. ఎడమచేత్తో చుట్టడం నేను నేర్పిస్తా."

"నాకు నువ్వు నేర్పేదేంట్రా? తాతకి దగ్గులా?"

చిన్నాడు ఒక్కటిచ్చాడు నెత్తిమీద. పెద్దాడు కాలెత్తి తన్నాడు. అక్క చీపురు అందుకోలేదు. పెద్దాడు గొణుక్కుంటూ లేచి వెళ్ళి ఎడంపక్క కూర్చున్నాడు. ఎడమచెయ్యి చెక్కమీద పెట్టాడు.

"అక్కా," అన్నాడు, "ఆకు ఇవ్వు."

నీళ్ళు నిండి ఆవిడకి కళ్ళు కనిపించలేదు. ఈనె ఎక్కడుందో తెలియక లాగేసరికి మంచి ఆకు కాస్తా అడ్డదిడ్డంగా చిరిగింది. తమ్ముళ్ళిద్దరూ ఒక్కసారే ఆవిడని తిట్టారు.