తుడిచేసిన బోల్టు

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీది లారీల గ్యారేజీలో ఇస్తారికి పని నేర్పినవాడు మొయినుద్దీన్ ఉస్తాద్. ఆయనకు నోటి దురుసు జాస్తి, చేతి దురుసు ఇంకా జాస్తి. చేతిలో పానా జారితే చాలు, వీపు మోగిపోయేది. అటువంటి మనిషి ఒక్క విషయం మాత్రం కొట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ తాగించి మరీ చెప్పాడు.

బండి వెనక చక్రాల నడుమ ఒక ఇనుప గుండు ఉంటుంది. గ్యారేజీలో దాన్ని క్రౌన్ అంటారు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే. దానిలో నూనె మార్చేటప్పుడు కింది బోల్టు విప్పాలి. ఆ బోల్టు కొసకు చిన్న అయస్కాంతం ఉంటుంది. లోపలి పళ్లు అరిగి రాలిన పొడంతా దానికి పట్టుకుని బయటికి వస్తుంది.

"ఆ బోల్టు తుడిసే ముందు ఓనర్‌కు సూపియ్యాలె బేటా. మంచిగుంటే మంచిగున్నది, ఖరాబుంటే ఖరాబున్నది. సూపియ్యకుండ తుడిసినవా, ఇగ నువ్వు మిస్త్రీవి గాదు, దొంగవు."

ఇస్తారి ఈ మాటను ఇరవై రెండేళ్లు నిలబెట్టాడు. ఒకే ఒక్కసారి తప్పాడు.

ఒమన్‌కు వచ్చింది తొంభై నాలుగులో, డ్రైవర్ వీసా మీద. రుస్తాఖ్‌లో నాసర్ అనే ఆసామి ఇంట్లో పని. యజమాని అనే అర్థంలో అర్బాబ్ అని పిలిచేవాడు ఆయన్ని. అప్పటికి అర్బాబ్ కొడుకు హిలాల్‌కు ఎనిమిదేళ్లు. వాణ్ణి బడికి దింపడం, తీసుకురావడం, వాడు వెనక సీట్లో నిద్రపోతే భుజాన వేసుకుని లోపలికి మోయడం ఇస్తారి డ్యూటీ. తన సొంత కొడుకును ఇస్తారి అన్నిసార్లు ఎత్తుకున్నది లేదు. రెండేళ్లకో మూడేళ్లకో వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చేవాడికి ఎత్తుకునే లెక్క ఎక్కడిది? హిలాల్‌కు పదిహేడో ఏట ఎండిన వాగులో, రాళ్ల మధ్య, డ్రైవింగ్ నేర్పింది కూడా అతనే. బండి నడుపుతున్నప్పుడు ఫోను మోగితే ఎత్తకూడదని, ఎత్తితే బండి ఇవ్వనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్లవాడి ముచ్చట్లే చెబుతుంటే భార్య శాంతవ్వ నవ్వేది. "నీకు అక్కడ గూడ ఒక కొడుకు దొరికిండు తియ్యి" అనేది. ఆ మాటలో కొంచెం ఉడుకుమోత్తనమూ ఉండేది.

రెండు వేల ఎనిమిది నాటికి హిలాల్ ఇరవై రెండేళ్ల వాడు. దుబాయి నుంచి ఒక పాత రేసు కారు తెప్పించుకున్నాడు. రెండే తలుపులు. నేలకు జానెడెత్తున పాకుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మెడ వెనక్కి విరుగుతుంది. గ్యారేజీ వాళ్ల దగ్గర దాన్ని వదిలితే వాళ్లే ఊరంతా తిప్పి పాడుచేస్తారని వాడి అనుమానం. అందుకని నూనె మార్పులన్నీ ఇంటి పెరట్లో రేకుల నీడన, ఇస్తారి చేతి మీదుగానే జరగాలి.

ఆ అక్టోబర్‌లో శాంతవ్వ అక్క కమలవ్వ కరీంనగర్ దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"ఇస్తారీ, శాంతవ్వకు లివర్ మొత్తం పోయిందట. ఇంటికి తీస్కపొమ్మంటున్నరు. దానికి నువ్వే యాదికి ఉన్నవు. ఎప్పుడొస్తవో నువ్వే సూస్కో."

ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు శాంతవ్వవి. ఆ చేతులు ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకోవడానికి కూడా చాలడం లేదట. ఇస్తారి అర్బాబ్ కాళ్ల మీద పడినంత పని చేశాడు. అర్బాబ్ చెడ్డవాడేం కాదు. టికెట్ తీయించాడు. శనివారం సాయంత్రం విమానం. పాస్‌పోర్టు మాత్రం శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇస్తానన్నాడు. అది ఆ ఇంటి పద్ధతి. ఇనుప బీరువా తాళం ముందు రోజు తీయరు.

శుక్రవారం పొద్దున హిలాల్ నూనె డబ్బాలు పట్టుకుని వచ్చాడు.

"నువ్వు రెండు నెలలు ఉండవు కదా ఇస్తారీ. ఈ వెనక నూనె మార్చేసి వెళ్లు" అన్నాడు, తమ ఇద్దరికే వచ్చే అరబీ హిందీ కలగలుపు భాషలో.

ఇస్తారి ముందు కారును కొంత దూరం నడిపి నూనె వేడెక్కించాడు. నాలుగు చక్రాల దగ్గరా స్టాండ్లు పెట్టి సమంగా లేపి, కిందికి దూరాడు. ముందుగా పై బోల్టు వదులు చేశాడు. అది రాకపోతే కిందిది ముట్టుకోకూడదు. ఉన్న నూనె పోయి కొత్తది పోసే దారి లేక బండి మూలన పడుతుంది. పైది వచ్చింది. అప్పుడు కిందిది విప్పాడు. నల్లటి నూనె, కుళ్లిన గుడ్ల కంపుతో తొట్టిలోకి జారింది. బోల్టును కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

బూడిద రంగు ముద్ద ఉంటుందని అతనికి తెలుసు. అది ప్రతి బండికీ ఉండేదే. ఆ ముద్దలో ఏదో వేలికి గుచ్చుకుంది. తీసి చూస్తే బియ్యపు గింజంత ఉక్కు ముక్క. ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంది. పన్ను విరిగింది. ఇస్తారి చేత్తో చక్రం తిప్పి చూశాడు. ఒకచోట పట్టేసి, వదిలింది.

పన్ను ముక్క లోపల అడ్డం పడితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. మెల్లగా పోతుంటే, అదృష్టం బాగుంటే, రోడ్డు పక్కన ఆగిపోతారు. వేగంగా పోతుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ కారు మెల్లగా పోవడం ఇస్తారి ఎన్నడూ చూడలేదు.

లేచి వెళ్లి చూపించాలి. పది అడుగుల దూరంలో హిలాల్ అద్దం తుడుస్తూ ఉన్నాడు. అయినా ఇస్తారి వీపు నేల మీద నుంచి లేవలేదు. నాలుగేళ్ల కిందట అర్బాబ్ జీపు గేర్‌బాక్సులో ఇలాగే ముక్క కనబడితే, ఉస్తాద్ చెప్పినట్టే చూపించాడు. "నీ చెయ్యి పడ్డాకే పాడైంది, సామాను వచ్చి బాగయ్యేదాకా సెలవు లేదు" అన్నాడు అర్బాబ్, కోపం కూడా లేకుండా. సామాను రావడానికి అయిదు నెలలు పట్టింది. ఈలోపు ఊళ్లో తమ్ముడు పోయాడు. దినాలకు కూడా అందలేదు. ఇప్పుడు శాంతవ్వకు అయిదు నెలలు లేవు. అయిదు వారాలు కూడా లేవు. పాస్‌పోర్టు ఇంకా బీరువాలోనే ఉంది.

"ఇస్తారీ! లోపల ఎలా ఉంది?"

"తమామ్" అన్నాడు ఇస్తారి. అంతా బాగుందని అర్థం.

ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. బోల్టును గుడ్డతో శుభ్రంగా, మెరిసేలా తుడిచాడు. కొత్త వాషరు వేసి బిగించి, పై రంధ్రం అంచున కారేదాకా కొత్త నూనె పోశాడు. పని ఎప్పటిలా నీటుగా చేశాడు. చేతులు సబ్బుతో కడుగుతూ తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. శనివారం విమానం ఎక్కే ముందు ఫోన్ చేసి చెప్పేస్తే సరి. ఒక్క రోజు. ఇవాళ శుక్రవారం, హిలాల్ ఇల్లు కదలడు. శనివారం పొద్దున కాలేజీ ఉంది, దానికి ఇంటి జీపులోనే పోతాడు. కారు కదలదు.

మరునాడు భోజనాలయ్యాక అర్బాబ్ పాస్‌పోర్టు చేతిలో పెట్టి, భార్యకు ఇవ్వమని ఖర్జూరాల డబ్బా కూడా ఇచ్చాడు. ఆ ఇంట్లోనే పనిచేసే కడప మనిషి జైనబీ సంచి మూతి కట్టి ఇచ్చింది. "పొయ్‌రాన్నా. వదినను అడిగినానని సెప్పు" అంది. ట్యాక్సీ కోసం గేటు దగ్గర నిలబడితే, లోపలి నుంచి రేసు కారు గుర్రుమంటూ వచ్చి ముందు ఆగింది.

"ట్యాక్సీ ఎందుకు? పద్నాలుగేళ్లు నువ్వు నన్ను దింపావు. ఈ ఒక్కరోజు నేను దింపుతాను" అన్నాడు హిలాల్.

ఇస్తారి వద్దన్నాడు. ట్యాక్సీకి చెప్పానన్నాడు. హిలాల్ దిగి అతని సంచిని లాక్కుని వెనక పడేశాడు.

నఖల్ మీదుగా బర్కా దాకా ఆ దారి ఇస్తారికి కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం అతను దారి చూడలేదు, వెనక నుంచి వచ్చే చప్పుడే విన్నాడు. వంపు తిరిగినప్పుడల్లా సీటు కింద చిన్నగా 'టక్' అనేది. పాట పెద్దగా పెట్టుకున్న హిలాల్‌కు అది వినబడలేదు. "మెల్లగా, హిలాల్, మెల్లగా" అని బతిమాలాడు. వాడు నవ్వి, ముసలోడివైపోయావన్నాడు. అయినా మాట విని వేగం తగ్గించాడు. అదే ఇస్తారిని చంపేసింది. ఒక్క మాట చెబితే ఆపేస్తాడు. ఆపితే సంగతి అర్బాబ్‌కు చేరుతుంది, విమానం పోతుంది. బర్కా రౌండబౌట్ దగ్గర నోరు తెరిచాడు. అప్పుడే హిలాల్ అడిగాడు, "నిన్ను చూస్తే ఆమెకు బాగవుతుంది కదూ?" అని. ఇస్తారి నోరు మూసుకున్నాడు.

సీబు విమానాశ్రయం దగ్గర హిలాల్ అతణ్ణి కౌగిలించుకున్నాడు. "మెల్లగా పో. నా మీద ఒట్టు" అన్నాడు ఇస్తారి. వాడు తలూపి వెళ్లిపోయాడు.

పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. ఇక తనను ఎవరూ వెనక్కి పిలవలేరనిపించాక ఇస్తారి ఫోన్ తీశాడు. అటు మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. వాడు ఎత్తడు. ఎత్తకూడదని ఒట్టు వేయించుకున్నది తనే. ఇంటి నంబరు కూడా గుర్తుంది. కానీ అర్బాబ్ ఎత్తితే 'ఎప్పుడు చూశావు?' అని అడుగుతాడు. బొటనవేలు ఆ మీటల మీద చాలాసేపు ఉంది. విమానానికి పిలుపు వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే ఆ ఉక్కు ముక్క వేలికి తగిలింది.

మూడో రోజు ఊళ్లో, శాంతవ్వ మంచం పక్కన కూర్చున్నప్పుడు జైనబీ ఫోన్ వచ్చింది. వాకిట్లోకి వెళ్లి ఎత్తాడు.

"న్నా... మన హిలాల్ పాయెన్నా. నిన్ను దింపి వస్తా బర్కా కాడ. కారు గిర్రున తిరిగి లారీ కిందికి పాయంట. జోరుగా తోలినాడని అందరూ అంటాండారు." కాసేపు ఆమె ఏడుపే వినిపించింది. "నీకు సెప్పమని అర్బాబే అన్న్యాడు. వాణ్ణి నాకంటే ఎక్కువ ఎత్తుకున్నోడు ఇస్తారి, వానికి తెలియాల అన్న్యాడు. నిన్ను తొందరపడి రావద్దన్న్యాడు, పెండ్లాం కాడ ఉండమన్న్యాడు."

వాడు మెల్లగానే పోయి ఉంటాడు. తనే తన మీద ఒట్టు పెట్టి పంపాడు కదా. ఆ సంగతి లోకంలో ఇస్తారి ఒక్కడికే తెలుసు.

లోపలికి వచ్చేసరికి శాంతవ్వ కళ్లు తెరిచి ఉంది. గొంతు గాలిలా వస్తోంది.

"ఎవలు? అక్కడినుంచేనా? ఆ పిలగాడు మంచిగున్నడా?"

ఇస్తారి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఇంకా ఆ నూనె కంపు ఉంది.

"మంచిగున్నడు" అన్నాడు. కారు కింద పడుకుని చెప్పినంత సులువుగానే వచ్చింది ఆ మాట.