తెల్లచీర గలీబులు

మా ఇంట్లో బట్టకు అంత తేలిగ్గా విముక్తి దొరకదు. చీర చిరిగితే బొంతలోకి పోతుంది. బొంత చిరిగితే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. అదీ చిరిగితే మా ఆయన బండి తుడుస్తుంది. నందిగామలో డిగ్రీ చదువుకుని జగ్గయ్యపేట కోడలినై వచ్చిన నాకు ఈ విద్యంతా మా అత్తయ్య నేర్పారు. డిగ్రీ కంటే ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది.

మా ఆయన బడికి వెళ్లిపోయాక మధ్యాహ్నాలు మా ఇద్దరివీ. ఆవిడ కళ్లకు శుక్లాలు. అయినా చిన్నప్పుడు మిషను హాస్టల్లో నేర్చుకున్న లేసును వేళ్లతో తడుముకుంటూ అల్లేవారు. నేను పైకి చదివేదాన్ని. ముందు బైబిల్లో ఒక అధ్యాయం, తర్వాత పాత పేపర్ల కొట్టులో దొరికిన నవల. మొదటిది ఆవిడ కోసం, రెండోది నా కోసం అని చెప్పుకునేవాళ్లం. నవల మధ్యలో ఆపితే గొడవ పెట్టేది మాత్రం ఆవిడే. ఇంతకంటే ఏం కావాలి అనిపించేది. అలా అనిపించినప్పుడే మనిషి కత్తెర పట్టుకోకూడదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నాలు వేయిస్తూ ట్రంకు పెట్టె ఖాళీ చేశాను. అత్తయ్య వత్సవాయిలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. పెట్టె అడుగున పాత తువ్వాలులో చుట్టి ఒక తెల్లచీర కనిపించింది. మడతల దగ్గర పసుపుపచ్చగా మారింది కానీ గుడ్డ మాత్రం వెన్నలా ఉంది. వృథాగా పడి ఉందే అని బాధపడ్డాను. సాయంత్రానికి అది నాలుగు దిండు గలీబులైంది. ఆవిడ వచ్చాక మెచ్చుకుంటారని ఆశ కూడా పడ్డాను.

నిజంగానే మెచ్చుకున్నారు. "ఎంత మెత్తగుందే అమ్మాయ్! ఎక్కడిదీ గుడ్డ?" అని చెంప ఆనించి పడుకున్నారు.

"పాతదేనండి" అన్నాను.

తర్వాతి నెలలో ఆ వత్సవాయి చెల్లెలు చనిపోయింది. సమాధి కార్యక్రమం నుంచి వచ్చి, అదే దిండు మీద తల వాల్చి, అత్తయ్య తన సంగతి చెప్పారు.

"దానికి కొత్త పట్టుచీర కొన్నారే. గంటలో మట్టిలో పెట్టేదానికి పట్టుచీరేంటి? నాకు మాత్రం అట్టాంటి ఖర్చులు పెట్టమాకండి. నా పెళ్లినాటి తెల్లచీర పెట్టె అడుగున దాచుకున్నా. అది కప్పి పంపించండి చాలు. అందులో అయితే పైనున్న మీ మావయ్యగారు నన్ను ఆనవాలు పడతారు."

నా చేతిలో గ్లాసు ఉంది. కింద పడలేదు. పడి ఉంటే కాస్త నయం, చెప్పడానికి ఒక సందర్భం దొరికేది.

ఆ రోజు నుంచి ఆవిడ దగ్గితే నాకు చెమటలు పట్టేవి. ఆవిడ ఆరోగ్యం కోసం నేను చేసినంత ప్రార్థన మా పాస్టరుగారు కూడా చేసి ఉండరు. అందులో ప్రేమ ఎంతో, భయం ఎంతో దేవుడే వేరు చేసుకోవాలి. మా ఆయనకు చెబితే, "అమ్మకి నువ్వే చెప్పు" అని తనవంతు సాయం చేశారు. నెలలు గడిచాయి. నేను చెప్పలేదు.

వేసవిలో ఒక పొద్దున ఆవిడ పెరట్లోంచి వస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారు. కారు మాట్లాడుకుని నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో చిల్లకల్లు దాటేదాకా ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. అప్పుడు నాకు చీర గుర్తు రాలేదు. ఈ చెయ్యి ఇక సూది పట్టదేమో అన్నదొక్కటే గుర్తుంది.

గండం గడిచిందన్నారు. గుండె అలసిపోయిందట, జాగ్రత్తగా చూసుకోమన్నారు. మా ఆయన మందులకు వెళ్లినప్పుడు అత్తయ్య కళ్లు తెరిచారు.

"ఇంటికెళ్లి ఆ తెల్లచీర ఒకసారి ఎండలో వెయ్యమ్మాయ్. ముక్కిన వాసనొస్తదేమో."

"ఇప్పుడెందుకత్తయ్యా? బానే ఉందన్నారుగా డాక్టరుగారు."

"చీర సంగతి ఆయనకేం తెలుసు?"

"అత్తయ్యా... అది లేదండి."

"దొంగలెత్తుకుపోయారా?"

దొంగల మీదకు తోసేద్దామని నాకు అనిపించలేదని చెప్పను.

"గలీబులు కుట్టేశానండి. రోజూ మీరు పడుకునేది దానిమీదే."

సెలైన్ చుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నేను చదివిన ఏ నవల్లోనూ అంత పొడుగు పేజీ లేదు.

"అన్నీ గలీబులేనా?"

"కుట్టుమిషను మీద కప్పే గుడ్డ ఒకటి. ఇంకో ముక్క..."

"ఊఁ, ఇంకో ముక్క?"

"చింతపండు రసం వడగడుతున్నానండి."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. నర్సును పిలవబోయాను. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తేలలేదు. రెండూ అయి ఉండొచ్చు.

"కత్తెర వేసేముందు ఒక్క మాట అడగొచ్చు కదే" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

మళ్లీ ఆవిడే అన్నారు: "సరేలే. అన్నీ విప్పి కలిపి కుట్టు. కుచ్చిళ్లు పోసి కడతారా ఏంటి నాకు? పైన కప్పడమేగా. చింతపండు ముక్క కాళ్లకాడికి రానియ్యి."

ఇంటికొచ్చాక గలీబులు విప్పి, చేత్తో కుట్టడం మొదలుపెట్టాను. ప్రతి కుట్టునూ ఆవిడ వేళ్లతో తడిమి చూస్తారు. గరుగ్గా తగిలితే విప్పిస్తారు. మొదట్లో తొందర తొందరగా కుట్టాను, తప్పు దిద్దుకోవాలని. సగం అయ్యేసరికి చెయ్యి నెమ్మదించింది. గదిలోంచి పెరట్లోకి వెళ్లాలంటే ఆవిడ ఇప్పుడు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఆ చీర పూర్తయితే దానికున్న పని ఒక్కటే.

ఇక ఒక్క అతుకు మిగిలింది. మూడు వారాలుగా అదే మిగిలి ఉంది.

"ఇంకా అవలేదా అమ్మాయ్?" అని నిన్న అడిగారు.

"తెల్లదారం అయిపోయిందండి. బజారుకెళ్లినప్పుడు తెస్తా."

కుట్టుమిషను సొరుగులో మూడు ఉండలున్నాయి. సర్దిపెట్టింది ఆవిడే. తల నావైపు తిప్పి, సరిగా కనబడని ఆ కళ్లతో కాసేపు చూశారు.

"ఎండలు ముదిరినయ్. వచ్చే నెల తెద్దువులే" అన్నారు.