ఫిల్ముకు దొరకని రాయి

ఒంట్లో రాయి ఉందో లేదో చూడడానికి ఒకటి కాదు, మూడు రకాల పరీక్షలు ఉంటాయని నాకు తెలిసేసరికి మా ఆయన ఎడమ కిడ్నీ చచ్చిపోయింది.

తొంభైల మొదట్లో మాట. బతకడానికి మరాఠీ దేశం పోయి, అక్కడ భవాని పేట్‌లో ఉండేవాళ్ళం. ఆయన కార్ఖానాలో పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. నీళ్ళు తాగితే మూత్రానికి మగ్గం వదిలి పోవాలి, పోతే పోగు తెగినా తెలియదు. అందుకని నేతగాళ్ళు పొద్దంతా గొంతు తడుపుకోరు. దాన్ని ఓపిక అనుకునేవాళ్ళం. మూర్ఖత్వం అది.

నడుము పక్కన నొప్పి మొదలైంది. కొంతం చౌక్ దగ్గరి డాక్టరు ఎక్స్‌రే తీయించమన్నాడు. ఫిల్మునూ ఒక కాగితాన్నీ కవర్లో పెట్టి ఇచ్చారు. మా బావగారు, అంటే ఆయన అన్న, అదే కార్ఖానాలో నేసిన బట్టను వెలుతురుకు పట్టి తప్పులు ఏరేవాడు. ఫిల్మును కూడా అట్లాగే గుమ్మంలో ఎండకు ఎత్తి చూశాడు.

"యాడుంది రాయి? ఒక్క మచ్చ లేదు. మాల్ సాఫున్నది."

"మరి నొస్తుంది గద అన్నా."

"నొచ్చేది నడుము గాదుర తమ్మీ, నీ నియ్యత్."

పని ఎగ్గొట్టే బుద్ధి అని ఎగతాళి. నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. "రేపటిసంది కార్ఖానకు పో, నువ్వింట్ల కూసుంటె నాకు బీడీలు సాగుతలేవు" అన్నాను.

కాగితంలో ఏముందో ఎవరమూ అడగలేదు. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. బొమ్మ కళ్ళకు కనిపిస్తుంటే రాతతో పనేముంది అనుకున్నాం, డాక్టరు దగ్గరికి మళ్ళీ పోలేదు. ఆయన నాలుగు నెలలు నోరెత్తకుండా పనికి పోయాడు.

తర్వాత చలిజ్వరం పట్టింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోతే డాక్టరమ్మ ముందు ఆ కాగితం చదివింది. ఎక్స్‌రేలో రాయి కనబడకపోయినా సోనోగ్రఫీ చేయించమని అందులోనే రాసి ఉందట. ఆమె కడుపు మీద జిగురు రాసి చూసింది. తెర మీద రాయి తెల్లగా మెరిసింది, వెనక నల్లని నీడ. కిడ్నీ ఉబ్బి ఉంది.

"ఎక్స్‌రేల లేకుండె గద బాయీ" అన్నాను.

ఆమె మరాఠీలో విడమరిచి చెప్పింది. సున్నపు రాయి అయితే ఎక్స్‌రేకు ఎముకలాగా దొరుకుతుంది, ఈ రకం దొరకదు. సోనోగ్రఫీకి రెండూ దొరుకుతాయి గాని, రాయి మూత్రం గొట్టం నడుమకు జారితే అదీ ఒక్కోసారి గుడ్డిదే. కిడ్నీ పని చేస్తున్నదో లేదో తేలాలంటే నరానికి రంగుమందు ఎక్కించి వరసగా ఎక్స్‌రేలు తీయాలి. జ్వరం తగ్గాక అవీ తీశారు. కుడివైపు మందు దిగింది. ఎడమవైపు గంటలు గడిచినా దిగలేదు. ఇప్పుడు సీటీ అని ఒక్క యంత్రమే దాదాపు అన్ని రాళ్ళనూ పట్టేస్తుంది. మాకు అది అందలేదు.

కిడ్నీ తీసేశారు. మగ్గం దగ్గర నిలబడే బలం పోయి, ఆయన నా పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించేవాడు.

"అప్పుడు బాగ నొచ్చెనా?" అని ఒకసారి అడిగాను.

"ఇప్పుడెందుకు ఆ ముచ్చట."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కొన్నేళ్ళకు కుడివైపు నొప్పి మొదలైంది. మూత్రం బందయ్యేదాకా నాకు చెప్పలేదు. మూడో రోజుకు పోయాడు. చెబితే మళ్ళీ నవ్వుతాననుకున్నాడేమో.